పూత విరగకాసి పిందె నిలవకపోతే తప్పు పుప్పొడిదేనా? పరీక్షించే పద్ధతులు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. జగిత్యాల దగ్గర మీది పన్నెండేళ్ల బంగినపల్లి తోట. జనవరిలో ఆకు కనపడనంత పూత వచ్చింది. ఫిబ్రవరి చివరికల్లా పూత రెమ్మల కొసల్లో పిందెలు గుత్తులు గుత్తులుగా కట్టాయి. గోళీ సైజు దాటకుండానే దాదాపు అన్నీ రాలిపోయాయి. మందుల షాపులో "చలికి పుప్పొడి చచ్చిపోయింది" అని తేల్చేసి, వచ్చే సీజన్‌కు పుప్పొడి టానిక్ కొట్టమన్నారు. పుప్పొడి నిజంగా చచ్చిందో లేదో మనమే చూసుకునే దారి ఉందా అన్నది మీ ప్రశ్న.

ఉంది. మామూలు కాలేజీ మైక్రోస్కోప్, నాలుగైదు రసాయనాలు, ఒక చేతి లెన్స్ చాలు. మీకు పొలాసలో వ్యవసాయ కళాశాల, పరిశోధన స్థానం దగ్గరే ఉన్నాయి కాబట్టి మైక్రోస్కోప్ కోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. అయితే మామిడి సంకరణ పనిలో ఉన్నవాడిగా ఒక మాట చెబుతాను. పుప్పొడి పరీక్ష అనగానే అందరూ స్లైడు మీద ఎర్ర రంగు వేసి, ఎర్రబడ్డవి లెక్కపెట్టి, "85 శాతం బతికుంది" అని రాసేసుకుంటారు. ఆ అంకెతో మీ పిందెలు ఎందుకు రాలాయో తెలియదు. చాలాసార్లు పుప్పొడి బతికుందో లేదో కూడా తెలియదు. అందుకే స్లైడు దాకా వెళ్లేముందు తోటలో చూడాల్సినవి రెండు మూడు ఉన్నాయి.

మీరు రాసినదాంట్లో నాకు ముఖ్యంగా కనిపించిన మాట "గుత్తులు గుత్తులుగా". రెమ్మ కొసన పిందెలు దగ్గరదగ్గరగా కట్టి, ముదురాకుపచ్చగా, కాస్త వంకరగా ఉండి, గోళీ సైజు దగ్గర ఆగిపోయి నెల తిరిగేలోపు రాలిపోతే ఉత్తరాదిలో దాన్ని ఝుమ్కా అంటారు. వాటిలో గింజ తయారు కాదు. పూత సమయంలో పరాగసంపర్కం సరిగ్గా జరగకపోవడం దీనికి పెద్ద కారణం. అంటే పుప్పొడి చెడిపోయి ఉండొచ్చు, లేదా బాగానే ఉన్న పుప్పొడిని మోసే పురుగు లేకపోయి ఉండొచ్చు. చెట్టు కింద నిలబడి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. మందు మాత్రం వేరు. రెండో దానికి టానిక్ కొడితే డబ్బు దండగ, పైగా ఆ స్ప్రేతో మిగిలిన ఈగలు కూడా పోవచ్చు.

వచ్చే సీజన్‌లో పిందెలు రాలడం మొదలవగానే ఓ యాభై ఏరి, బ్లేడుతో నిలువుగా కోసి చూడండి. లోపల గింజ తెల్లగా, నిండుగా ఉండి తొడిమ దగ్గర మాత్రం ఎండిపోయి ఉంటే అది నీటి ఎద్దడి, పోషకాలు, గాలి, లేదా చెట్టు మోయలేక వదిలేసిన సహజమైన రాలుడు. గింజ ముడుచుకుపోయి గోధుమ రంగులో పొరలా మిగిలితే ఫలదీకరణ జరగలేదన్నమాట, లేదా జరిగినా పిండం మధ్యలోనే చచ్చిపోయిందన్నమాట. మొదటిరకం ఎక్కువగా ఉంటే కింద రాసినదంతా మీకు అనవసరం. నేరుగా నీళ్లు, ఎరువుల సంగతి చూసుకోండి.

తర్వాత పూత. మామిడి రెమ్మలో అన్ని పూలూ కాయ కట్టేవి కావు. కొన్ని మగ పూలు, కొన్ని ఆడ, మగ భాగాలు రెండూ ఉండే ద్విలింగ పూలు. పది రెట్లు పెద్దది చేసి చూపించే చేతి లెన్స్‌తో చూస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది. ద్విలింగ పువ్వు మధ్యలో గుండ్రటి, లేత పసుపుపచ్చ అండాశయం ఉంటుంది. దాని పక్కనుంచి సన్నటి కీలం కాస్త వంపుగా లేస్తుంది. మగ పువ్వులో ఆ గుండు ఉండదు. ద్విలింగ పూల శాతం రకాన్ని బట్టి, ఏడాదిని బట్టి, ఒకే చెట్టులో దిక్కును బట్టి కూడా మారుతుంది. రెమ్మ ఎదిగే రోజుల్లో చలి ఎక్కువైతే మగ పూలు పెరుగుతాయి. నాలుగు దిక్కులా రెండేసి రెమ్మలు తీసుకుని, ఒక్కోదాంట్లో విచ్చుకున్న పూలు వంద లెక్కపెట్టండి. ద్విలింగ పూలు నూటికి నాలుగైదే ఉంటే పుప్పొడి ఎంత గట్టిదైనా కాయ కట్టే చోటే లేదని అర్థం.

అదే లెన్స్‌తో కేసరాల్ని కూడా చూడండి. మామిడి పువ్వులో కేసరాలు ఐదు కనిపించినా పుప్పొడి ఇచ్చేది సాధారణంగా ఒక్కటే, అప్పుడప్పుడు రెండు. మిగిలినవి పొట్టిగా, పేరుకు మాత్రమే ఉంటాయి. ఆ ఒక్క కేసరం కొసన ఉండే పుప్పొడి తిత్తి, పువ్వు విచ్చుకునేటప్పుడు గులాబీ రంగులో నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఎండ కాస్త ఎక్కాక, ఎనిమిదింటి తర్వాత, అది అంచు వెంట పగిలి బూడిదరంగు తెలుపులో పొడి కనిపిస్తుంది. తిత్తి రంగు ఊదాకు తిరుగుతుంది. మబ్బు, మంచు, చల్లటి పొద్దున ఈ పగులుడు బాగా ఆలస్యమవుతుంది. మధ్యాహ్నం దాటినా తిత్తులు గులాబీ రంగులోనే మూసుకుని ఉంటే పుప్పొడి బతికున్నా బయటికి రాలేదన్నమాట. కీలాగ్రం, అంటే కీలం కొస, పువ్వు విచ్చిన మొదటి కొన్ని గంటల్లోనే పుప్పొడిని బాగా పట్టుకుంటుంది కాబట్టి, ఆలస్యంగా పగిలిన తిత్తి ఆ పువ్వుకు అంతగా పనికిరాదు. దీనికి మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు. అయినా చూసేవాళ్లు తక్కువ.

పుప్పొడిని చూసేముందు కీలాగ్రాన్ని చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. పువ్వు విచ్చుకున్న మర్నాడు పొద్దున ముప్పై ద్విలింగ పూలు కోసుకుని, సూదితో కీలాగ్రాన్ని వేరుచేసి, స్లైడు మీద ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు చుక్కలో పెట్టి, పైన కవర్ స్లిప్ వేసి మెల్లగా నొక్కండి. మైక్రోస్కోప్‌లో దాని మీద ఎన్ని పుప్పొడి రేణువులు ఉన్నాయో లెక్కపెట్టండి. మామిడి అండాశయంలో ఉండేది ఒకే ఒక అండం. లెక్క ప్రకారం ఒక్క రేణువు మొలకెత్తి లోపలికి దిగితే కాయ మొదలైనట్టే. పుప్పొడిలో సగం చచ్చినా, ఈగ ఒక్కో పువ్వు మీద ఐదారు రేణువులు వదిలిపోతే పని జరిగిపోతుంది. మరోవైపు, ఒక్కో మామిడి తిత్తిలో పుప్పొడి రేణువులు కొన్ని వందలకు మించవు. అది కూడా జిగటగా ఉంటుంది, గాలికి పెద్దగా ఎగరదు. అందుకని ముప్పై కీలాగ్రాల్లో ఇరవై ఖాళీగా కనిపిస్తే మీ సమస్య పుప్పొడి ఆరోగ్యం కాదు, రవాణా. ఇక్కడే ఆగి ఈగల సంగతి చూడండి, స్లైడు పరీక్షలు తర్వాత చేసుకోవచ్చు.

కీలాగ్రాల మీద రేణువులు బాగానే ఉండి కూడా గింజ కట్టకపోతే, అప్పుడు పుప్పొడి పరీక్ష చేయడంలో అర్థం ఉంది.

పుప్పొడి తీయడంలోనే సగం పరీక్షలు పాడవుతాయి. ముందురోజు సాయంత్రం రెమ్మ మీద అప్పటికే విచ్చుకున్న పూలన్నీ గిల్లేసి, రెమ్మకు బటర్ పేపర్ సంచి గాని పల్చటి గుడ్డ సంచి గాని కట్టండి. పొద్దున్నే తిత్తులు పగలకముందు, అప్పుడే విచ్చిన పూలు కోసి పెట్రి డిష్‌లో కాగితం మీద పరచండి. గదిలో నీడన, గోరువెచ్చగా ఉండే చోట పెడితే గంట రెండు గంటల్లో తిత్తులు పగులుతాయి. అప్పుడు వచ్చిన పొడినే వాడాలి. చెట్టు మీద ఎండిన పాత పువ్వును దులిపి తెచ్చి "పుప్పొడి చచ్చింది" అంటే అది చావకుండా ఎలా ఉంటుంది? కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని తీసుకెళ్లినా అంతే. కనీసం ఐదు చెట్ల నుంచి విడివిడిగా తీసుకోండి. అన్నీ ఒకేచోట కలిపేస్తే ఏ చెట్టు తేడాగా ఉందో తెలియదు.

ఎసిటోకార్మిన్ పద్ధతి చెబుతాను. 45 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కార్మిన్ పొడి 1 నుంచి 2 శాతం కలిపి మరిగించి, చల్లార్చి వడకడితే ద్రావణం సిద్ధం. కళాశాల ల్యాబ్‌లో ఇది తయారుగానే ఉంటుంది. చుక్క వేసి, పుప్పొడి చల్లి, కవర్ స్లిప్ పెట్టి పది నిమిషాలు ఆగండి. నిండుగా, గుండ్రంగా, ముదురెరుపు ఎక్కినవి బాగా తయారైనవి. చిన్నగా ముడుచుకుపోయి లేత రంగులో, లోపల ఖాళీగా కనిపించేవి వట్టివి. స్లైడు మధ్యలో, నాలుగు పక్కలా వేర్వేరు చోట్ల లెక్కపెట్టండి. బాగున్న చోటే చూడాలనిపిస్తుంది, ఆ పని చేయొద్దు. వంద రేణువులు లెక్కపెట్టి 60 శాతం వస్తే అసలు విలువ 50కీ 70కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఐదొందలు లెక్కపెడితే ఆ తేడా నాలుగు శాతం అటూఇటూ దాకా తగ్గుతుంది. రెండు చెట్ల మధ్య ఐదు శాతం తేడా చూసి టెన్షన్ పడేముందు ఎన్ని రేణువులు లెక్కపెట్టారో చూసుకోండి.

ఈ రంగు దేన్ని పట్టుకుంటుందో తెలిస్తే దీన్ని ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది. కార్మిన్ రేణువు లోపలి పదార్థానికి అంటుకుంటుంది. ఆ పదార్థం లోపల ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది, ప్రాణం ఉందా లేదా అని కాదు. నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. కొంచెం పుప్పొడిని చిన్న సీసాలో వేసి ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. అది కచ్చితంగా చచ్చినదే. దానికీ కార్మిన్ వేసి చూడండి, అదీ ఎర్రగానే కనిపిస్తుంది. ఎర్రబడ్డ శాతాన్ని బతికున్న శాతంగా రాసుకోవడం ఎంత తప్పో ఆ ఒక్క స్లైడు చూస్తే తెలిసిపోతుంది. అలాగని ఈ పరీక్ష పనికిరానిదనుకోవద్దు. మొగ్గ దశలో చలి దెబ్బ తగిలితే పుప్పొడి అసలు సరిగ్గా తయారు కాదు, వట్టి రేణువులు ఎక్కువవుతాయి. ఆ సంగతి కార్మిన్ బాగా పట్టిస్తుంది. మలకైట్ గ్రీన్, యాసిడ్ ఫుక్సిన్ కలిసిన అలెగ్జాండర్ రంగు కూడా ఇదే పని చేస్తుంది. వట్టివి ఆకుపచ్చగా, నిండినవి ఎర్రటి ఊదాగా కనిపిస్తాయి కాబట్టి లెక్క తేలిక.

మీ ప్రాంతంలో హైబ్రిడ్ వరి విత్తనం చేసేవాళ్లు ఎక్కువ. మగ వంధ్యత్వం ఉన్న వరుసలో పుప్పొడి నిజంగా వట్టిదేనా అని వాళ్లు అయొడిన్ చుక్కతో చూస్తారు. అది చూసి మామిడికి కూడా అయొడిన్ చాలనుకోవద్దు. అయొడిన్ నలుపెక్కించేది పిండి పదార్థాన్ని. వరి పుప్పొడిలో అది నిండుగా ఉంటుంది. పక్వానికి వచ్చిన పుప్పొడిలో పిండి పదార్థం నిలవుండటం అన్ని చెట్లకూ ఒకేలా ఉండదు. వరి పొలంలో బాగా పనిచేసే పరీక్ష మామిడి తోటలో తప్పు చెప్పొచ్చు.

ప్రాణం ఉందా అన్నది చూడాలంటే టెట్రజోలియం రంగు. టీటీసీ అంటారు. ఒక శాతం లోపు, చక్కెర ద్రావణంలో కలిపి, పుప్పొడి వేసి, చీకట్లో వెచ్చగా రెండు మూడు గంటలు ఉంచాలి. రేణువు లోపల శ్వాసక్రియ సాగించే ఎంజైములు పనిచేస్తుంటేనే రంగు ఎర్రగా మారుతుంది. వెలుతురు తగిలితే దానంతట అదే ఎర్రబడుతుంది కాబట్టి సీసాకు రేకు చుట్టండి. ఓవెన్‌లో చంపిన పుప్పొడిని ఇక్కడ కూడా పక్కన పెట్టుకోవాలి. దాంట్లో కూడా ఎరుపు కనిపిస్తే ఆ రోజు చేసిన పరీక్ష మొత్తం పారేయాల్సిందే. ఫ్లోరెసీన్ డైఅసిటేట్ అని ఇంకో మంచి పద్ధతి ఉంది, పొర చెక్కుచెదరని రేణువులు ఆకుపచ్చగా వెలుగుతాయి. దానికి ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ కావాలి, మీకు దొరికితేనే.

వీటన్నిటికంటే నేను నమ్మేది మొలక పరీక్ష. పుప్పొడి చేయాల్సిన పని కీలం గుండా అండం దాకా సన్నటి నాళం వేయడం. అది వేస్తుందా లేదా చూస్తే చాలు. 1963 నుంచి ప్రపంచమంతా వాడుతున్న బ్రూబేకర్ క్వాక్ ద్రావణం ఇప్పటికీ మంచిదే. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌కు చక్కెర 10 గ్రాములు, బోరిక్ ఆమ్లం 10 మిల్లీగ్రాములు, కాల్షియం నైట్రేట్ 30 మిల్లీగ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 20 మిల్లీగ్రాములు, పొటాషియం నైట్రేట్ 10 మిల్లీగ్రాములు. ఇంత చిన్న తూకాలు మామూలు కాటాతో కావు. ల్యాబ్‌లో చక్కెర తప్ప మిగతావి వందరెట్లు గాఢంగా చేయించుకుని, కాల్షియం నైట్రేట్‌ను మాత్రం విడి సీసాలో ఉంచి, పలచన చేసుకోండి. మామిడికి చక్కెర 10 శాతం దగ్గర మొదలుపెట్టి 15, 20 కూడా చేసి చూడాలి. రేణువులు పడీపడగానే పగిలి లోపలి పదార్థం బయటికి చిమ్ముతుంటే చక్కెర చాలలేదని అర్థం.

ద్రావణంలో వేసేముందు పుప్పొడిని మూత ఉన్న డబ్బాలో తడి బ్లాటింగ్ పేపర్ పక్కన అరగంట ఉంచండి. పూర్తిగా ఎండిన రేణువు ఒక్కసారిగా నీళ్లు తాగితే పొర చిట్లి చచ్చిపోతుంది, మీరేమో చలికి చచ్చిందనుకుంటారు. తర్వాత స్లైడు మీద చిన్న చుక్క, దాంట్లో పల్చగా పుప్పొడి. మరీ పల్చగా వద్దు, రేణువులు నాలుగు దగ్గరదగ్గరగా ఉంటేనే బాగా మొలుస్తాయి. అలాగని ముద్దగా వేస్తే లెక్కపెట్టలేరు. చుక్క ఆరిపోకుండా తడి కాగితం పరిచిన పెట్రి డిష్‌లో, 25 నుంచి 28 డిగ్రీల దగ్గర ఉంచండి. మూడు నాలుగు గంటలకు ఒకసారి, మర్నాడు ఒకసారి చూడండి. రేణువు వ్యాసమంత గాని అంతకంటే గాని పొడవున్న నాళం వేసినదాన్నే మొలిచినదిగా లెక్కవేయాలి. చిన్న బుడిపె కనిపించగానే మార్కులు వేయొద్దు.

ఇక్కడ కనిపించే ఇంకో సంగతి తోటలో పనికొస్తుంది. పక్క స్లైడు మీద ఉత్త నీళ్ల చుక్కలో అదే పుప్పొడి వేయండి. చాలా రేణువులు ఉబ్బి పగిలిపోతాయి. నాళం కొస ఎదగడానికి కాల్షియం, బోరాన్ కావాలి, రేణువు ఉబ్బి పగలకుండా చక్కెర కావాలి. కీలాగ్రం మీది తడిలో అవన్నీ ఉంటాయి. వాన నీటిలో, మంచు బొట్టులో, స్ప్రే నీటిలో ఉండవు. పూత మీద పొద్దుటి మంచు నిలిచిన రోజుల్లో, నిండు పూత మీద డ్రమ్ముల కొద్దీ నీళ్లు కొట్టిన రోజుల్లో ఏం జరుగుతుందో ఆ స్లైడులో మీ కళ్లతో చూడొచ్చు. మీరు పూత మీద వాడే మందుల్ని కూడా ఇలాగే చూడొచ్చు. సిఫారసు చేసిన మోతాదులో మందును ద్రావణంలో కలిపి ఒక చుక్క, మందు లేకుండా ఒక చుక్క, రెండూ పక్కపక్కన. రాగి మందులు, ఇంకొన్ని శిలీంధ్రనాశినులు పుప్పొడి మొలకను దెబ్బతీస్తాయని చాలా పండ్ల చెట్లలో తేలింది. షాపువాళ్లు ఇచ్చిన ఆ టానిక్‌ను కూడా ఓ చుక్క కలిపి చూడండి. మొలక పెరిగితే వాళ్ల మాట నిజమే, తగ్గితే డబ్బు మిగిలింది.

అంకెలు వచ్చాక వాటిని ఎలా చదవాలి? మొలక శాతం ఎప్పుడూ రంగు శాతం కంటే తక్కువగానే వస్తుంది. కార్మిన్‌లో 85, మొలకలో 40 వస్తే కంగారు పడక్కర్లేదు. గాజు పలక కీలాగ్రం కాదు కదా. ఒక్క అండం ఉన్న మామిడికి 30, 40 శాతం మొలక ఉన్న పుప్పొడి, మోసేవాళ్లుంటే, బాగానే సరిపోతుంది. కార్మిన్‌లోనే సగానికి పైగా వట్టివి వస్తే అది తయారీలో లోపం, అంటే మొగ్గ దశలో దెబ్బ. కార్మిన్ బాగుండి, టీటీసీ, మొలక రెండూ అడుగంటితే పుప్పొడి తయారయ్యాక చచ్చింది. అప్పుడు వేడి, తడి, మందు, లేదా మీరు తెచ్చిన తీరు, వీటిలో ఏదో ఒకటి. ఈ రెంటినీ విడదీయడానికే ఇన్ని పరీక్షలు.

చలి గురించి షాపువాళ్లు చెప్పింది పూర్తిగా గాలి కబురు కాదు. మామిడి మొగ్గలో పుప్పొడి తల్లికణాలు విభజన చెందే రోజుల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడితే వట్టి పుప్పొడి పెరుగుతుంది. జగిత్యాల వైపు డిసెంబరు, జనవరి చలిగాలుల్లో ఆ స్థాయికి దిగే రాత్రులు ఉంటాయి. నూజివీడు, తిరుపతి తోటలకు ఆ బాధ అంతగా ఉండదు. అయితే పువ్వు విచ్చిన రోజు చలిని చూసి లాభం లేదు. దెబ్బ తగిలేది అంతకు ముందే, మొగ్గ ఇంకా చిన్నగా, ఆకుపచ్చగా ఉన్నప్పుడు. ఒక మినిమమ్ మ్యాగ్జిమమ్ థర్మామీటర్ కొని తోటలోనే, కొమ్మల ఎత్తులో, నీడన వేలాడదీసి డిసెంబరు నుంచి రోజూ రాసుకోండి. ఊళ్లో ఫోన్ చూపించే ఉష్ణోగ్రత తోట పల్లంలో ఉండదు. పరీక్ష కూడా ఒక్కసారి చేసి ఊరుకోవద్దు. తొలి పూతకు, నడిపూతకు, చివరి పూతకు విడివిడిగా చేయండి. తొలి పూతలో పుప్పొడి పాడై, ఫిబ్రవరి పూతలో బాగుంటే చలి మీద నేరం రుజువైనట్టు. మూడింటిలోనూ బాగుంటే చలిని వదిలేయండి.

స్లైడు పరీక్షకు అందని సంగతి ఇంకోటి ఉంది. పుప్పొడి నూటికి నూరు బతికుండి, గాజు పలక మీద చక్కగా మొలిచి, సొంత రకం పువ్వులో మాత్రం పనిచేయకపోవచ్చు. దశేరి, లంగ్రా, చౌసా లాంటి రకాల్లో సొంత పుప్పొడితో పిండం నిలవదని చాలాకాలం క్రితమే తేలింది. పిందె కడుతుంది, కొన్నాళ్లకు లోపల పిండం చచ్చి రాలిపోతుంది. ఆరెకరాలకు ఆరెకరాలు ఒకే రకం అంట్లు పెడితే, అవన్నీ జన్యుపరంగా ఒకే చెట్టు కింద లెక్క. మీ తోటలో ఈ ఇబ్బంది ఉందో లేదో తేల్చడానికి ల్యాబ్ అక్కర్లేదు, సంచులు చాలు. కొన్ని రెమ్మలకు పూలు విచ్చకముందే సంచి కట్టండి. వాటిలో కొన్నిటికి మీ బంగినపల్లి పుప్పొడే వేరే చెట్టు నుంచి తెచ్చి రుద్దండి. కొన్నిటికి దశేరి గాని రసం గాని హిమాయత్ గాని, పక్క తోటలో అప్పుడు పూసిన మరో రకం పుప్పొడి రుద్దండి. కొన్నిటిని ఏమీ చేయకుండా వదిలేయండి. సంచి లేని రెమ్మలు కొన్ని పోలికకు ఉంచుకోండి. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టుకుంటే గందరగోళం ఉండదు.

చేత్తో రుద్దినప్పుడు మామిడిలో కాయ నిలవడం చాలా తక్కువ. నూటికి ఒకటి రెండు నిలిచినా గొప్పే. మొత్తం పూతలో కోతకు వచ్చేది అంతకంటే తక్కువ కదా. అందుకని ఒకే రెమ్మలో వంద పూలు రుద్దడం కంటే ఎక్కువ రెమ్మల్లో పదేసి పూలు రుద్ది మిగతావి గిల్లేయడం మేలు. బ్రీడర్లు పాటించే పద్ధతి ఇది. లెక్క పదిహేను రోజులకు ఒకసారి, నలభై రోజులకు ఒకసారి తీయండి. మొదటి లెక్కలో సొంత పుప్పొడి, పరాయి పుప్పొడి రెండూ సమానంగా కనిపించి, రెండో లెక్కలో సొంతం పూర్తిగా పడిపోతే సమాధానం దొరికినట్టే. ఇంకా లోతుగా చూడాలనుకుంటే రుద్దిన పూలను 24, 48 గంటలకు కోసి, మూడు వంతుల ఆల్కహాల్, ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం కలిపిన సీసాలో వేసి, మర్నాడు 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి దాచండి. సిద్దిపేట జిల్లా ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయం లాంటి చోట ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ ఉన్నవాళ్లు ఒప్పుకుంటే, అనిలిన్ బ్లూ రంగు వేసి నాళం కీలంలో ఎంతదాకా దిగిందో చూపిస్తారు.

పరాయి రకం మీ పూత కంటే ముందే పూసి అయిపోతుంటే పుప్పొడి దాచుకోవచ్చు. తిత్తులు పగిలాక పొడిని బటర్ పేపర్ పొట్లంలో కట్టి, సిలికాజెల్ ఉన్న గట్టి మూత డబ్బాలో డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. గదిలో రెండు మూడు రోజుల్లో అడుగంటే పుప్పొడి అక్కడ వారాల తరబడి నిలుస్తుంది. బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థలోనైతే ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల దగ్గర, ఏళ్ల తరబడి దాస్తారు. మీరు ఎలా దాచినా వాడేముందు మొలక పరీక్ష చేయకుండా పువ్వు మీద రుద్దొద్దు.

సీతాఫలం ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. ఒక్క రేణువు చాలన్న లెక్క మామిడిదే. సీతాఫలంలో ఒక్కో కన్నుకూ విడిగా ఫలదీకరణ జరగాలి, కొన్ని కళ్లకు అందకపోతే కాయ వంకరపోతుంది. అక్కడ పుప్పొడి రేణువులు నాలుగు కలిసి ఒకటిగా ఉంటాయి కాబట్టి లెక్కపెట్టే తీరు కూడా వేరు. మామిడి అంకెల్ని అక్కడికి మోసుకెళ్లొద్దు.

మీ విషయంలో నా అంచనా అడిగితే, పుప్పొడి చావడం కంటే ఈగల కరువు, ఒకే రకం తోట, ఈ రెండే ముందు వరసలో ఉన్నాయి. మామిడి పువ్వును ఎక్కువగా తిరిగేది తేనెటీగ కంటే ఈగ జాతులు, కుట్టని చిన్న తేనెటీగలు. తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు మందు పూమొగ్గ దశలోనే కొట్టి, పూత నిండుగా విచ్చిన రోజుల్లో స్ప్రేయర్ ముట్టుకోకుండా, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెడితే ఈగలు మిగులుతాయి. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొట్టేది కూడా పూలు విచ్చకముందే. బోరాన్ లోపం ఉందో లేదో ఆకు పరీక్ష చేయించుకున్నాక, ఉంటేనే, పూతకు ముందు కొట్టండి. సంచి పరీక్షలో పరాయి పుప్పొడి గెలిస్తే, మీ బంగినపల్లితో పాటే పూసే రకం ఏదో చూసి, నూటికి పది చెట్ల చొప్పున తోటంతా చెదిరి ఉండేలా కొమ్మల మీద ఆ రకం అంట్లు కట్టించండి. కొత్త మొక్కలు నాటి ఏళ్ల తరబడి ఎదురుచూడడం కంటే అది త్వరగా పూతకు వస్తుంది.

ఫలితాలు వచ్చాక నాకు రాసేటప్పుడు శాతాలు ఒక్కటే రాయొద్దు. ఏ చెట్టు, ఏ తేదీ పూత, ఎన్ని రేణువులు లెక్కపెట్టారు, చంపిన పుప్పొడి స్లైడులో ఏం కనిపించింది, కీలాగ్రాలు ఎన్ని ఖాళీగా ఉన్నాయి, డిసెంబరు నుంచి రాత్రి ఉష్ణోగ్రతలు, మందు కొట్టిన తేదీలు, ఇవన్నీ కలిపి పంపండి. కోసిన పిందెల ఫొటోలు కూడా వెలుతురులో తీసి పెట్టండి.